ప్రీ-ఆల్జీబ్రా తరగతిని ఎత్తివేశారు. ఆ విద్యార్థి ఇప్పుడు ఎక్కడ కూర్చోవాలి?

లెక్కల పంతులు (కాలిఫోర్నియా) | సోమవారం, రాత్రి 9:40

అమెరికాలోని కమ్యూనిటీ కళాశాలల్లో (రెండేళ్లు చదివి విశ్వవిద్యాలయానికి బదిలీ కాగల కళాశాలల్లో) చదువుతున్నవారు, బోధిస్తున్నవారు, పిల్లలను పంపుతున్నవారు ఈ వేదికలో చాలామంది ఉన్నారు కాబట్టి ఈ విషయాన్ని ఇక్కడ పెడుతున్నాను. నేను కాలిఫోర్నియాలో అటువంటి ఒక కళాశాలలో పదిహేడేళ్లుగా గణితం చెబుతున్నాను. నేను చేరిన కొత్తలో మా శాఖ నడిపే తరగతుల్లో సగానికి పైగా కళాశాల స్థాయికి కిందివే ఉండేవి: అంకగణితం, దానిపైన ప్రీ-ఆల్జీబ్రా (బీజగణితానికి ముందటి పాఠం), ఆపైన ఎలిమెంటరీ ఆల్జీబ్రా, ఇంకా పైన ఇంటర్మీడియట్ ఆల్జీబ్రా. కొత్త విద్యార్థి కంప్యూటర్ ముందు కూర్చుని ప్లేస్‌మెంట్ పరీక్ష రాసేవాడు. వచ్చిన మార్కును బట్టి ఏ మెట్టు మీద నిలబడాలో తేలిపోయేది. అట్టడుగు మెట్టు మీద పడినవాడు నాలుగు సెమిస్టర్లు చదివి, నాలుగింటికీ రుసుము కట్టి, అన్నింటిలోనూ ఉత్తీర్ణుడైనా, విశ్వవిద్యాలయానికి బదిలీ చేసుకోగల గణితం క్రెడిట్ ఒక్కటీ చేతికి వచ్చేది కాదు.

2017లో వచ్చిన ఏబీ 705 అనే చట్టం ఆ నిచ్చెనను దాదాపుగా తీసేసింది. కళాశాల స్థాయి గణితాన్నీ ఇంగ్లీషునూ ఏడాదిలోగా పూర్తిచేసే అవకాశం విద్యార్థికి ఏ తరగతిలో ఎక్కువో అక్కడే చేర్చాలనీ, అందుకు హైస్కూలు మార్కులను చూడాలనీ ఆ చట్టం చెప్పింది. 2019 శరత్కాలపు సెమిస్టర్‌కల్లా కళాశాలలన్నీ దానిని అమలు చేయవలసి వచ్చింది. 2022లో వచ్చిన ఏబీ 1705 మిగిలిన సందులను చాలావరకు మూసివేసింది. ఇప్పుడు మా దగ్గర ప్రీ-ఆల్జీబ్రా లేదు. స్టాటిస్టిక్స్ తరగతి ఉంది, దానికి జతగా వారానికి రెండు గంటల సపోర్ట్ క్లాసు ఉంది.

గత వారం దిద్దిన ఒక జవాబు పత్రం నన్ను వదలడం లేదు. రాత్రంతా గిడ్డంగిలో పనిచేసి ఉదయం ఎనిమిదింటికి నా తరగతికి వచ్చే నడివయసు విద్యార్థి ఒకరు పరికల్పనను పరీక్షించే లెక్క చేశారు. శూన్య పరికల్పనను (తేడా ఏమీ లేదన్న ఊహను) సరిగ్గా రాశారు, శాంపిల్ సరిపోతుందో లేదో చూశారు, కాలిక్యులేటర్‌తో పి-విలువ 0.012 అని రాబట్టారు. పి-విలువ 0.05 కంటే చిన్నదైతే శూన్య పరికల్పనను తిరస్కరించాలి. ఆయన దానిని 0.05తో పోల్చి, 12 కంటే 5 చిన్నది కాబట్టి పి-విలువే పెద్దదనీ, కనుక శూన్య పరికల్పనను తిరస్కరించలేమనీ ముగించారు. తర్కమంతా కళాశాల స్థాయిది, తప్పు మాత్రం ఐదో తరగతిది. పాత పద్ధతిలో అయితే ఆయన అంకగణితం తరగతిలో కూర్చుని ఉండేవారు, నా గది గుమ్మం దాకా వచ్చేవారే కాకపోవచ్చు. ఇప్పుడు వచ్చారు, దశాంశాలు రాకుండా వచ్చారు. ఈ రెండింటిలో ఆయనకు ఏది మేలు?


కఠినమార్గం (టెక్సస్) | సోమవారం, రాత్రి 10:25

పంతులు గారూ, మీ ప్రశ్నలోనే జవాబు ఉంది. 0.012కూ 0.05కూ తేడా తెలియని మనిషిని స్టాటిస్టిక్స్ తరగతిలో కూర్చోబెట్టడాన్ని అవకాశం ఇవ్వడం అంటారా? నేను వృత్తిరీత్యా ఇంజనీరును. పునాది తవ్వకుండా గోడ లేపితే ఏమవుతుందో వివరించనక్కరలేదు. ఇక్కడ టెక్సస్‌లో కూడా 2017లోనే హెచ్‌బీ 2223 అని ఒక చట్టం చేసి, డెవలప్‌మెంటల్ విద్యార్థులను (కళాశాల స్థాయికి ఇంకా సిద్ధంగా లేరని తేలినవారిని) కళాశాల స్థాయి తరగతితో జతచేసి చదివించాలన్నారు. తరగతి పేరు మార్చినంత మాత్రాన రాని భిన్నాలు వస్తాయా? ఉత్తీర్ణుల సంఖ్య పెరిగిందని ఎవరైనా లెక్క చూపిస్తే, ఆ తరగతిలో పాఠం ఎంత పలచబడిందో కూడా చూపించాలని అడుగుతాను.


డేటా గుమస్తా (ఒహాయో) | మంగళవారం, ఉదయం 7:15

నేను ఒక కళాశాల పరిశోధన విభాగంలో పనిచేస్తాను. ఏ విద్యార్థి ఏ తరగతిలో చేరాడు, ఎక్కడ ఆగిపోయాడు అన్న పట్టికలు తయారు చేయడమే నా ఉద్యోగం. కఠినమార్గం గారి పునాది పోలికతో నాకు ఒక్కటే పేచీ. పునాది తవ్వుతున్నంత కాలం ఇంటి యజమాని అక్కడే నిలబడి ఉంటాడని ఆయన అనుకుంటున్నారు. మా పట్టికల్లో కనిపించేది యజమాని వెళ్లిపోవడమే.

కాగితం మీద లెక్క వేసి చూడండి. కళాశాల స్థాయికి మూడు మెట్ల కింద వందమంది ఉన్నారనుకుందాం. ప్రతి తరగతిలోనూ వందకు 70 మంది ఉత్తీర్ణులవుతారనీ, వారిలో వందకు 80 మంది తరువాతి తరగతిలో పేరు నమోదు చేసుకుంటారనీ అనుకుందాం. ఈ రెండూ మంచి అంకెలే. మొదటి తరగతిలో 70 మంది గట్టెక్కుతారు, 56 మంది రెండో దానిలో చేరతారు, 39 మంది గట్టెక్కుతారు, 31 మంది మూడో దానిలో చేరతారు, 22 మంది గట్టెక్కుతారు, కళాశాల గణితంలో 18 మంది చేరి 12 మంది బయటపడతారు. ఏ ఒక్క తరగతిలోనూ ఘోరం జరగలేదు, ఏ ఒక్క ఉపాధ్యాయుడూ చెడ్డవాడు కాదు, అయినా 88 మంది రాలిపోయారు. మేము నిచ్చెన అని పిలిచినది నిజానికి వైకుంఠపాళి. పాములు పెద్దవి కావు, గడిగడికీ ఒకటి ఉందంతే.

ఇది ఊహకు వేసిన లెక్క. వాస్తవం దీనికి దగ్గరగానే ఉంది. కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన టీచర్స్ కాలేజీలోని కమ్యూనిటీ కాలేజ్ రిసెర్చ్ సెంటర్ 57 కళాశాలలలో రెండున్నర లక్షల మందికి పైగా విద్యార్థుల వివరాలను పరిశీలించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, రెమీడియల్ గణితానికి, అంటే కళాశాల స్థాయికి కింది తరగతులకు, పంపబడినవారిలో ఆ వరుసను మొత్తం పూర్తిచేసినది సుమారు మూడో వంతు మంది. మూడు లేదా అంతకంటే ఎక్కువ మెట్ల కిందికి పంపబడినవారిలో అయితే సుమారు ఆరో వంతు మంది. అందులో నన్ను కుదిపిన సంగతి ఇంకొకటి. తరగతిలో తప్పి ఆగిపోయినవారికంటే, అసలు చేరకుండానో, ఒకటి పాసయ్యాక తరువాతి దానిలో చేరకుండానో జారిపోయినవారే ఎక్కువ. పాసైన విద్యార్థి వెళ్లిపోవడాన్ని గణితం రాకపోవడంతో ఎలా వివరిస్తారు? కారు చెడిపోతుంది, షిఫ్టు మారుతుంది, తల్లికి జబ్బు చేస్తుంది. రెండు సెమిస్టర్ల మధ్య సందు ఎంత ఎక్కువసార్లు వస్తే, జీవితం అందులో అన్నిసార్లు అడ్డుపడుతుంది.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. ఫెడరల్ ఆర్థిక సాయం రెమీడియల్ తరగతులకు 30 సెమిస్టర్ క్రెడిట్ల వరకే వర్తిస్తుంది, తక్కువ ఆదాయం ఉన్న విద్యార్థులకు ఇచ్చే పెల్ గ్రాంటుకు మొత్తం 12 సెమిస్టర్ల హద్దు ఉంది. కింది మెట్ల మీద ఖర్చయిన సాయం పై మెట్టుకు వచ్చేసరికి ఉండదు.


మళ్లీ బడికి (న్యూజెర్సీ) | మంగళవారం, మధ్యాహ్నం 1:05

నేను ఉపాధ్యాయురాలిని కాను, ఆ నిచ్చెన ఎక్కినదాన్ని. గుంటూరు జిల్లాలో పదో తరగతి వరకు తెలుగు మాధ్యమం, ఇంటర్‌లో సీఈసీ, తరువాత బీకాం. పెళ్లయి ఇక్కడికి వచ్చిన ఎనిమిదేళ్లకు, పిల్లవాడు బడికి వెళ్లడం మొదలుపెట్టాక, అకౌంటింగ్ చదవాలని మా ఊరి దగ్గరి కమ్యూనిటీ కళాశాలకు వెళ్లాను. చేరడానికి కాగితాలు ఇచ్చిన రోజే ఒక పరీక్ష రాసి వెళ్లమన్నారు. దానికోసం చదువుకుని రావచ్చని గానీ, అందులో వచ్చే మార్కు మీద ఏడాదిన్నర కాలం ఆధారపడి ఉంటుందని గానీ ఎవరూ చెప్పలేదు. పిల్లవాణ్ణి తీసుకురావలసిన వేళ దగ్గరపడుతుండగా గబగబా నొక్కేసి వచ్చాను.

బారువడ్డీ, చక్రవడ్డీ, లాభనష్టాలు నేను నోటితో చెప్పగలను. ఆ పరీక్షలో న్యూమరేటర్, డినామినేటర్ అన్న మాటలు కనిపించేసరికి చెయ్యి ఆగిపోయింది. లవం తెలుసు, హారం తెలుసు, వాటికి ఇంగ్లీషులో ఉన్న పేర్లు తెలియవు. ఫలితంగా ప్రీ-ఆల్జీబ్రాలో పడ్డాను. మొదటి నెలంతా పూర్ణసంఖ్యలు, భిన్నాలు. మా ఉపాధ్యాయుడు మంచివాడే. నాకు అన్నీ వచ్చని రెండో వారంలోనే గ్రహించి, పై తరగతికి మార్చమని కౌన్సెలర్‌కు చెప్పాడు. నమోదు గడువు దాటిపోయిందని మార్చలేదు. అప్పటికి మాకు గ్రీన్‌కార్డు రాలేదు కాబట్టి ఏ సాయమూ లేదు, రుసుమంతా మా వారి జీతంలోంచే కట్టాం. ఒక సెమిస్టర్ చదివి మానేశాను. మళ్లీ మొదలుపెట్టడానికి నాలుగేళ్లు పట్టింది.

పంతులు గారి విద్యార్థికి దశాంశాలు రావు, నాకు మాటలు రావు. పరీక్ష మా ఇద్దరికీ ఒకే మెట్టు చూపించేది.


డేటా గుమస్తా (ఒహాయో) | మంగళవారం, సాయంత్రం 6:30

మళ్లీ బడికి గారూ, మీకు జరిగినది అరుదైన పొరపాటు కాదు. అదే పరిశోధన కేంద్రం వారు ప్లేస్‌మెంట్ పరీక్షలను పరిశీలించి, గణితంలో సుమారు నలుగురిలో ఒకరిని, ఇంగ్లీషులో సుమారు ముగ్గురిలో ఒకరిని తీవ్రంగా తప్పు స్థాయిలో వేస్తున్నట్టు తేల్చారు. పైన చదవగలిగినవారిని కింద వేయడమే ఎక్కువగా జరిగే తప్పు. కంపాస్ అనే పరీక్షను నడిపిన ఏసీటీ సంస్థ 2016లో దానిని పూర్తిగా ఆపివేసింది. ఒక గంట పరీక్ష కంటే నాలుగేళ్ల హైస్కూలు మార్కులు మెరుగైన సూచిక కావడంలో వింత లేదు, ఎందుకంటే ఆ మార్కుల్లో తెలివితోపాటు రోజూ బడికి వెళ్లడం, ఇచ్చిన పనిని గడువులోగా పూర్తిచేయడం కూడా కలిసి ఉంటాయి.


బాల్టిమోర్ బల్ల (మేరీల్యాండ్) | మంగళవారం, రాత్రి 11:10

చర్చంతా గణితం చుట్టూ తిరుగుతోంది కాబట్టి ఇంగ్లీషు సంగతి చెబుతాను. నేను రచనా తరగతులు బోధిస్తాను. ఈ జత పద్ధతికి ఎక్కువగా చెప్పుకునే నమూనా మా ప్రాంతంలోనిదే: కమ్యూనిటీ కాలేజ్ ఆఫ్ బాల్టిమోర్ కౌంటీ 2007లో ప్రారంభించిన యాక్సిలరేటెడ్ లెర్నింగ్ ప్రోగ్రామ్. డెవలప్‌మెంటల్ రచనకు పంపబడిన కొద్దిమందిని మిగిలిన విద్యార్థులతోపాటు నేరుగా మొదటి సంవత్సరపు ఇంగ్లీషు తరగతిలోనే కూర్చోబెడతారు. ఆ తరగతి అయిపోగానే ఆ కొద్దిమందీ అదే ఉపాధ్యాయుడితో ఇంకో గంట కూర్చుంటారు.

ఇందులో ప్రాణమంతా 'అదే ఉపాధ్యాయుడు' అన్న మాటలో ఉందని నా అభిప్రాయం. తొమ్మిది గంటలకు వ్యాసం ఇచ్చినవాడే పది గంటలకు ఆ వ్యాసం మీద పక్కన కూర్చుంటే, పది గంటల తరగతి వేరే పాఠం కాదు, తొమ్మిది గంటల పాఠానికే కొనసాగింపు. చాలా కళాశాలలు ఈ పద్ధతిని తెచ్చుకునేటప్పుడు ఈ ఒక్కదానినే వదిలేశాయి. టైంటేబుల్ కుదరలేదని సపోర్ట్ క్లాసును వేరేవారికి అప్పగిస్తారు, ఆయన ఒక వర్క్‌బుక్ తీసి కామాల గురించి చెప్పుకుంటూ పోతాడు. అప్పుడది పాత రెమీడియలే, పేరు మాత్రం కొత్తది. కఠినమార్గం గారి అనుమానం అటువంటి చోట నూటికి నూరుపాళ్లు నిజం.


కఠినమార్గం (టెక్సస్) | బుధవారం, ఉదయం 6:50

గుమస్తా గారి గుణకారాన్ని రాత్రి మళ్లీ వేసి చూశాను. తప్పు లేదు. పునాది పోలికను వెనక్కి తీసుకుంటున్నాను, కానీ ప్రశ్నను వెనక్కి తీసుకోవడం లేదు. నిచ్చెన చెడ్డదని రుజువైంది, సరే. నేరుగా పైన కూర్చోబెట్టడం మంచిదని ఇంకా రుజువు కాలేదు. తమంతట తాము పై తరగతిని ఎంచుకున్నవారు సహజంగానే పట్టుదల ఉన్నవారు అయివుంటారు, వారు గట్టెక్కారంటే ఆ ఘనత పద్ధతిది ఎలా అవుతుంది?


సబ్‌వే ట్యూటర్ (న్యూయార్క్) | బుధవారం, ఉదయం 10:20

ఆ అభ్యంతరానికి సరిగ్గా సరిపోయే ప్రయోగం న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయంలో జరిగింది. మేమంతా క్యూనీ అంటాం. ఎలిమెంటరీ ఆల్జీబ్రా చదవవలసినవారని పరీక్ష తేల్చిన సుమారు 900 మందిని మూడు కమ్యూనిటీ కళాశాలలలో చీటీలు వేసినట్టు మూడు గుంపులుగా విడదీశారు. ఎవరూ ఏదీ ఎంచుకోలేదు, కాబట్టి పట్టుదల ఉన్నవారందరూ ఒకే గుంపులో పడే అవకాశం లేదు. ఒక గుంపు మామూలు ఎలిమెంటరీ ఆల్జీబ్రా చదివింది, ఒకటి అదే ఆల్జీబ్రాను వారానికోసారి వర్క్‌షాపుతో చదివింది, మూడోది నేరుగా కళాశాల స్థాయి స్టాటిస్టిక్స్‌ను వర్క్‌షాపుతో చదివింది. ఉత్తీర్ణులు వరుసగా వందకు 39, 45, 56. కింది తరగతి కంటే పై తరగతిలోనే ఎక్కువమంది పాసయ్యారు. 2016లో ఈ ఫలితాలు వచ్చినప్పుడు మా ట్యూటరింగ్ కేంద్రంలో సగంమంది నమ్మలేదు. నాకు మాత్రం వింతగా అనిపించలేదు. ఆల్జీబ్రా తరగతిలో 'ఇది నాకెందుకు' అని అడిగినవాడికి చెప్పడానికి నా దగ్గర జవాబు ఉండేది కాదు. స్టాటిస్టిక్స్‌లో ఆ ప్రశ్న తక్కువగా వస్తుంది.

అయితే దీనిని మరీ దూరం లాగకూడదు. ఆ ప్రయోగం ఎలిమెంటరీ ఆల్జీబ్రా మెట్టు మీద ఉన్నవారిది, అంకగణితమే రానివారిది కాదు. పైగా స్టాటిస్టిక్స్ చాలే చదువులు వేరు, కాలిక్యులస్ కావలసిన చదువులు వేరు.

ఇంకో మాట. తరగతి గది ఒక్కటే మార్చి ఊరుకుంటే సరిపోదని కూడా క్యూనీయే చూపించింది. 2007లో మొదలైన ఏశాప్ అనే కార్యక్రమంలో విద్యార్థి పూర్తికాలం చదవాలి, సలహాదారును తరచుగా కలవాలి. బదులుగా రుసుములో మిగిలిన భాగం మాఫీ, పుస్తకాలకు సాయం, సబ్‌వేకు ప్రయాణ కార్డు ఇస్తారు. దానిని కూడా చీటీల పద్ధతిలోనే పరీక్షించారు. మూడేళ్లలో డిగ్రీ పొందినవారు మామూలు గుంపులో వందకు 22 మంది అయితే, ఈ గుంపులో 40 మంది. వీరందరూ రెమీడియల్ అవసరమని తేలినవారే. ఒక్కో విద్యార్థిపై ఖర్చు బాగా పెరిగింది, కానీ ఒక్కో డిగ్రీకి పడిన ఖర్చు తగ్గింది. తరువాత ఒహాయోలో మూడు కళాశాలలు చేసినప్పుడు కూడా ఇటువంటి ఫలితమే వచ్చింది. నా దగ్గరికి వచ్చే పిల్లలు సలహాదారు కంటే ముందు ఆ ప్రయాణ కార్డు గురించే చెబుతారు.


రెండు ఊళ్ల అడ్జంక్ట్ (కాలిఫోర్నియా) | బుధవారం, సాయంత్రం 4:00

సపోర్ట్ క్లాసు అదే ఉపాధ్యాయుడు చెప్పాలన్న మాట వినడానికి బాగుంది. నేను రెండు కళాశాలల్లో తాత్కాలిక బోధకుణ్ణి. పదింటికి ఒక చోట పాఠం అయితే పదకొండున్నరకు నలభై మైళ్ల అవతల ఇంకో పాఠం. నాలాంటివారే ఈ తరగతుల్లో ఎక్కువ. విద్యార్థి వెంట కూర్చోమని చట్టం చెప్పింది, కూర్చునేవాడికి కుర్చీ ఎవరు ఇస్తారో చెప్పలేదు. అంతకుమించి రాసే ఓపిక ఇవాళ లేదు.


కఠినమార్గం (టెక్సస్) | బుధవారం, రాత్రి 9:15

ట్యూటర్ గారూ, 39, 45, 56 అన్న అంకెలు నాకు తెలియవు. తెలియకుండానే వాదించానని ఒప్పుకుంటున్నాను. మీరు కాలిక్యులస్ మాట తెచ్చారు కాబట్టి అడుగుతున్నాను. కాలిఫోర్నియాలో ఉన్న మా బంధువుల అబ్బాయి ఇంజనీరింగ్‌కు బదిలీ కావాలని కమ్యూనిటీ కళాశాలలో చేరాడు. హైస్కూలులో ప్రీ-కాలిక్యులస్ చదవలేదు. అయినా మొదటి సెమిస్టర్‌లోనే కాలిక్యులస్‌లో చేర్చారట. ఇది కూడా ఆ చట్టం పనేనా?


లెక్కల పంతులు (కాలిఫోర్నియా) | బుధవారం, రాత్రి 10:30

అవునండి, ఏబీ 1705 ప్రభావమే. ఇంజనీరింగ్, సైన్సు వైపు వెళ్లేవారిని నేరుగా కాలిక్యులస్‌లో చేర్చే దిశగా 2025 శరత్కాలం నుంచి కళాశాలలు మారాయి. మా శాఖలో ఇది ఇంకా సద్దుమణగని గొడవ. స్టాటిస్టిక్స్ విషయంలో నేను గుమస్తా గారి పక్షం, ఎందుకంటే ఆ పాఠానికి ఇంటర్మీడియట్ ఆల్జీబ్రాలోని సూత్రాల్లో పదో వంతు కూడా అక్కరలేదు. మనం అనవసరపు గేటు కట్టి కాపలా కాశాం. కాలిక్యులస్‌లో అలా కాదు. అవకలనం అర్థమైనవాడు కూడా చివర బీజగణితం సర్దలేక మార్కులు పోగొట్టుకుంటాడు, త్రికోణమితి రాకపోతే రెండో నెలలో నోరు విప్పలేడు. మీ బంధువుల అబ్బాయిని వెంటనే సపోర్ట్ క్లాసులో కూడా చేరమనండి, అది ఐచ్ఛికమని వదిలేయవద్దని చెప్పండి. రెండూ ఒకే చట్టం కింద ఉన్నాయి కాబట్టి రెండింటికీ ఒకే జవాబు ఉండాలని అనుకోవడం దగ్గరే, నా ఉద్దేశంలో, ఇరుపక్షాలూ పొరపడుతున్నాయి.


మళ్లీ బడికి (న్యూజెర్సీ) | గురువారం, మధ్యాహ్నం 12:40

ఒక సందేహం. హైస్కూలు మార్కులు చూసి చేర్చుతారని అన్నారు. నాలాగా ఇంకో దేశంలో చదివినవారికి, ముప్పై ఏళ్ల కిందట బడి మానేసినవారికి ఆ మార్కులు ఎక్కడివి? కాలిఫోర్నియాలో మా చెల్లెలు ఈ ఏడాది చేరాలనుకుంటోంది.


డేటా గుమస్తా (ఒహాయో) | గురువారం, సాయంత్రం 5:55

కాలిఫోర్నియాలో అటువంటివారికి కళాశాలలు వారి చదువు నేపథ్యం గురించి కొన్ని ప్రశ్నలు అడిగి, ఏ తరగతి సరిపోతుందో వారినే ఆలోచించుకోనిస్తాయి. మీ చెల్లెలికి ఇంగ్లీషు రెండో భాష కాబట్టి ఇంకో దారి కూడా ఉంది. ఈఎస్ఎల్ తరగతుల ద్వారా వచ్చేవారికి కళాశాల స్థాయి ఇంగ్లీషు పూర్తిచేయడానికి ఏబీ 705 ఒక సంవత్సరం కాక మూడేళ్ల గడువు పెట్టింది. అక్కడ క్రెడిట్ లేని తరగతులు ఉచితం. లెక్కలు మరిచిపోయామన్న బెరుకు ఉన్నవారు వాటిలో ముందు కొన్ని వారాలు కూర్చోవచ్చు, సాయం ఖర్చయిపోతుందన్న భయం ఉండదు.

పంతులు గారికి ఒక హెచ్చరిక. మీ తరగతిలో ఉత్తీర్ణుల శాతం తగ్గిందని మీ డీన్ అడిగే రోజు వస్తుంది. ఫ్లోరిడా 2013లో చేసిన చట్టంతో, ఇటీవల అక్కడి ప్రభుత్వ హైస్కూళ్లలో చదివి వచ్చినవారికి ప్లేస్‌మెంట్ పరీక్షా, డెవలప్‌మెంటల్ తరగతులూ ఐచ్ఛికమయ్యాయి. అప్పుడు కళాశాల స్థాయి తరగతుల్లో శాతం తగ్గింది, కానీ ఆ ఏడాది కళాశాలలో చేరినవారందరినీ హారంగా తీసుకుంటే గట్టెక్కినవారు పెరిగారు. ముందు వందమందిలో 20 మందే తరగతి దాకా వచ్చి 16 మంది పాసైతే శాతం 80. ఇప్పుడు 80 మంది వచ్చి 44 మంది పాసైతే శాతం 55. ఇవి నేను ఉదాహరణకు వేసిన అంకెలు. కానీ తప్పిన ఆ 36 మంది కూడా నిజమైన మనుషులే, వారి రికార్డులో ఎఫ్ పడింది. వారి గురించి అడిగితే మా విభాగం దగ్గర ఇంకా మంచి జవాబు లేదు.


లెక్కల పంతులు (కాలిఫోర్నియా) | శనివారం, ఉదయం 8:10

నిన్న సపోర్ట్ క్లాసులో ఆ జవాబు పత్రం లెక్కనే, పేరు చెప్పకుండా, బోర్డు మీద వేశాను. 0.012, 0.05 రెండింటినీ డబ్బుగా చదవమన్నాను. 0.05 అంటే ఐదు సెంట్లని అందరూ అన్నారు, 0.012 అంటే ఒక సెంటు, ఇంకొంచెం అని చెప్పడానికి అర నిమిషం పట్టింది. ఆ విద్యార్థి వెనక బల్ల నుంచి, గ్యాస్ బంకులో ధర పక్కన చిన్నగా రాసే తొమ్మిది అదే కదా అని అడిగారు. అవునన్నాను. మొత్తం పన్నెండు నిమిషాలు పట్టింది. దీనికోసం పాత పద్ధతిలో ఆయన చేత ఒక సెమిస్టర్ చదివించేవాళ్లం.

అదే గంటలో ఇంకో అమ్మాయి, ఋణసంఖ్య వర్గం కూడా ఋణసంఖ్యే అవుతుందని కాలిక్యులేటర్‌లో చూపించింది. కుండలీకరణాలు పెట్టకుండా నొక్కిందన్నమాట. దానికి సమయం మిగల్లేదు. పద్దెనిమిది మంది, ఒక్కొక్కరికి ఒక్కో చోట చిల్లు, వారానికి రెండు గంటలు. దీనిని నాలుగు గంటలు చేయమని, రెండో జత గంటలను ఇద్దరు ట్యూటర్లతో నడపనివ్వమని సోమవారం శాఖ సమావేశంలో అడగబోతున్నాను. సబ్‌వే ట్యూటర్ గారూ, మీ కేంద్రంలో ఒక ట్యూటర్‌కు ఎంతమంది విద్యార్థులను ఇస్తారో, ట్యూటర్లు తరగతి గదిలోనే కూర్చుంటారో లేక విడిగానో ఆదివారంలోగా చెప్పగలరా?